భూకంపంలో భవనం: ఇంజనీరు లెక్క

భూకంపం భవనాన్ని నెట్టదు. దాని కింది నేలను కదిలిస్తుంది. పునాది నేలతో పాటు సాగిపోతుంది, పై అంతస్తులు తమ బరువు వలన ఉన్నచోటనే నిలవజూస్తాయి. ఈ పెనుగులాట స్తంభాల మీద పడుతుంది.

కనుక ఇంజనీరు బరువుతో పాటు భవనపు సహజ డోలన కాలాన్ని, అనగా ఒక ఊపు పూర్తయ్యేందుకు పట్టే సమయాన్ని, గణిస్తాడు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1893లోని సూత్రం ప్రకారం, గోడలను లెక్కలోకి తీసుకోని 12 మీటర్ల కాంక్రీటు చట్రానికి అది సుమారు 0.48 సెకన్లు. ఉయ్యాలను దాని ఊపుకు తగినట్లు నెడితే ఎత్తుకు లేచినట్లే, నేల కంపనం ఈ కాలానికి దగ్గరైతే భవనపు ఊపు పెరుగుతుంది. చిన్న, క్రమమైన కట్టడాలకు ఈ ప్రభావాన్ని పక్క నుండి పడే స్థిర బలంగా మార్చి లెక్కిస్తారు. ఎత్తైన వాటికి స్పందన వర్ణపటాన్ని వాడతారు: వేర్వేరు డోలన కాలాలు గల కట్టడాలు ఎంతెంత స్పందిస్తాయో చూపే రేఖ అది. మరీ కీలకమైన కట్టడాలకు, నమోదైన భూచలనాన్నే కంప్యూటరు నమూనాపై క్షణక్షణం ప్రయోగిస్తారు.

అయితే నమూనాలో లేనిది లెక్కలో తేలదు. 2001 జనవరి 26 నాటి కచ్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో అనేక బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావరకు కింది అంతస్తును వాహనాల కోసం గోడలు లేకుండా వదిలినవే. సాధారణంగా ఇటుక గోడను లెక్కలో బరువుగానే చూస్తారు. వాస్తవంలో అది చట్రాన్ని బిగిస్తుంది. పై అంతస్తులు పెట్టెలవలె బిగుసుకొనగా, వంగవలసిన భారమంతా కింది స్తంభాలదైంది. 2002లో సవరించిన ప్రమాణం అట్టి అంతస్తు స్తంభాలను, దూలాలను లెక్కకు వచ్చిన బలానికి 2.5 రెట్లకు రూపొందించే మార్గాన్ని చూపింది. అదే సవరణలో చెన్నై రెండవ భూకంప మండలం నుండి మూడవదానికి మారింది.

'భూకంప నిరోధకం' అన్న మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. తీవ్ర భూకంపంలో గోడలు పగలవచ్చు, కడ్డీలు సాగవచ్చు. భవనం కూలకుండా మనుషులు బయటపడగలగాలన్నదే లక్ష్యం. అందుకే స్తంభాల చివరల రింగులు దగ్గరదగ్గరగా ఉండాలి, వాటి కొనలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి. కాంక్రీటు పోశాక ఇది కంటికి కనబడదు, పోయకముందే చూడాలి.

దుకాణం కోసం కింది గోడను తొలగించదలచినవారు దానిని బరువు తగ్గించుకోవడంగా భావించరాదు. పనికి ముందు నిర్మాణ ఇంజనీరు చేత పరిశీలన జరిపించి, పురపాలక అనుమతి పొందాలి.