మరుముద్ర కింద మరో రాజు

తొలకరి పడితే పత్తికొండ, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం నేలమీదే చూపు నిలిపి నడుస్తారు. వాళ్ళు వెతికేది వజ్రాల కోసం. కానీ వాన కడిగిన మట్టిలో పాత నాణెం కంటపడినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఎర్రగుడి బండలపై అశోకుని శాసనాలున్నాయి. ఆదోని ప్రాంతంలోని మ్యాకదోనిలో సాతవాహన పులుమావి శాసనం ఉంది. తుంగభద్ర ఒడ్డున సాతానికోట తవ్వకాల్లో సాతవాహనుల నాటి ఊరు బయటపడింది. 1932లో నంద్యాలలో రోమన్ బంగారు నాణేలే దొరికాయి.

ఇలాంటి నేలలో ఒక చిన్న వెండి నాణెం దొరికిందనుకుందాం. దానిమీద ఒక రాజు ముఖం, చుట్టూ గ్రీకు అక్షరాల ముక్కలు. మరోవైపు తిప్పితే సిలువ లాంటి గుర్తు. రోమన్ నాణెం తీసుకుని దానిపై క్రైస్తవులు తమ ముద్ర కొట్టారన్న ఊహ చప్పున కలుగుతుంది. సహజమైన ఊహే, కానీ దక్కనులో అది నిలవడం కష్టం.

వాడుకలో ఉన్న నాణేన్ని కరిగించకుండానే కొత్త అచ్చుల మధ్య పెట్టి మళ్ళీ కొట్టడాన్ని మరుముద్ర అనవచ్చు. లోహాన్ని కరిగించి, తూచి, కొత్త బిళ్ళలు తయారుచేసే శ్రమ దీంతో తప్పుతుంది. అయితే రెండో దెబ్బ మొదటి బొమ్మను పూర్తిగా చెరపలేదు. కొత్త అచ్చులోని చదునైన భాగాల్లో, నాణెం అంచుల్లో పాత గీతలు మిగిలిపోతాయి.

మన చరిత్రలో దీనికి పెద్ద సాక్ష్యం 1906లో నాసిక్ సమీపంలోని జోగల్‌తెంబిలో దొరికింది. అక్కడ బయటపడిన వెండి నాణేలు 13 వేలకు పైమాటే. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేలపై సాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర వేయించాడు. ఒక వైపు మూడు వంపుల కొండ గుర్తు, దాని చుట్టూ బ్రాహ్మీ లిపిలో ప్రాకృతంలో అతని పేరు; మరోవైపు ఉజ్జయినీ చిహ్నం. కూడిక గుర్తులా రెండు గీతలు అడ్డంగా ఖండించుకుని, నాలుగు కొసల్లో నాలుగు వలయాలు ఉండడం ఈ చిహ్నం రూపం. అరిగిపోయి వలయాలు సగం చెదిరితే మిగిలేది అచ్చం సిలువే! అడుగునున్న ముఖం నహపానుడిది. గ్రీకు అక్షరాలు కూడా అతని నాణెంలోవే. క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని నాసిక్ శాసనంలో తల్లి గౌతమీ బాలశ్రీ కొడుకును కీర్తించింది. ఆ మాట శాసనంలో ఒక్కచోటే ఉంది, ఈ నాణేలు చేతులు మారిన ప్రతిచోటా అదే విషయం చాటాయి.

అడుగున ఉన్నది ఎవరి నాణెమో తేల్చుకోవడానికి మొదటి సాధనం త్రాసు. నహపానుని వెండి నాణెం రెండు గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. తొలి రోమన్ చక్రవర్తుల వెండి దెనారియస్ మూడున్నర గ్రాములకు పైబడి ఉంటుంది. రెండోది వెలుతురు. దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పెట్టి నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూస్తే, నేరుగా చూసినప్పుడు కనబడని పాత గీతలు నీడల్లో తేలతాయి. ఒకే బొమ్మ కొంచెం జరిగి రెండుసార్లు పడితే అది మరుముద్ర కాదు, కొట్టేటప్పుడు జరిగిన పొరపాటు. చిన్న ఉలి ముద్ర ఒక్కచోట మాత్రమే ఉంటే అది చెల్లుబాటు గుర్తు కావచ్చు. కింది బొమ్మ ఎవరిదో తేలేదాకా పై గుర్తుకు పేరు పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక్కడ దొరికేది క్రైస్తవ ముద్ర అయ్యే అవకాశం తక్కువని కాలం లెక్క కూడా చెబుతుంది. రోమన్ నాణేలపై క్రైస్తవ చిహ్నాలు కనిపించడం 4వ శతాబ్దంలో, కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో మొదలైంది. శాతకర్ణి మరుముద్రలు అంతకు కనీసం నూరేళ్ళ ముందటివి. ఆంధ్ర, తెలంగాణల్లో దొరికిన రోమన్ నాణేల్లో ఎక్కువ భాగం తొలి రెండు శతాబ్దాలవి. నల్గొండ జిల్లా అక్కెనపల్లి వెండి నాణేలు అగస్టస్, టైబీరియస్‌లవి; వాటిలో చాలావాటిపై గాట్లున్నాయి. గాటు కూడా అడ్డంగా పడితే సిలువను తలపిస్తుంది.

నిజంగా క్రైస్తవ చిహ్నాలతో మరుముద్ర పడిన నాణేలు కావాలంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు రాగి నాణేలను చూడాలి. 610 నుంచి 641 వరకు ఏలిన హెరాక్లియస్, యుద్ధాల ఒత్తిడిలో పాత చక్రవర్తుల రాగి నాణేలనే తీసుకుని విస్తారంగా మళ్ళీ కొట్టించాడు. విలువ 40 అని సూచించే పెద్ద ‘ఎమ్’ అక్షరం, దానిపై సిలువ, కింద నుంచి తొంగిచూసే పాత ‘ఎమ్’, పాత రాజు పేరులో రెండు మూడు అక్షరాలు: అవి చిక్కుముడిలా ఉంటాయి. 10, 11 శతాబ్దాల్లో చక్రవర్తి పేరు లేకుండా, క్రీస్తు బొమ్మతో వచ్చిన రాగి నాణేల వరుసక్రమాన్ని నిర్ణయించడానికి మరుముద్రలే ఆధారమయ్యాయి. ఎందుకంటే కిందిది ఎప్పుడూ పైదానికంటే పాతదే.

దక్షిణాదికి సిలువతో వచ్చిన నాణేల్లో 5, 6 శతాబ్దాల బంగారు నాణేలున్నాయి. దేవదూత చేతిలో పొడవాటి సిలువ ఉండే రకం వాటిలో ఒకటి. వాటిని ఇక్కడివారు మరుముద్ర వేయక, తలపై భాగంలో రెండు రంధ్రాలు చేసి ఆభరణంగా ధరించినట్టు కనిపిస్తుంది.

నేలలో దొరికిన పాత నాణేల విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది. దొరికిన చేను, లోతు, పక్కనున్న పెంకులు రాసిపెట్టుకోవడం దానికంటే ముందు చేయాల్సిన పని. చింతపండు పెట్టి తోమడం మాత్రం వద్దు. రుద్దుడుకు మొదట పోయేది అడుగున మిగిలిన ఆ సన్నని గీతలే.