మూడు రోజుల్లో అయిపోయే నెల కోటా

సాల్ట్‌లేక్ సెక్టర్ 5లోనో న్యూటౌన్‌లోనో ఉద్యోగం దొరికి, లేదంటే బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో సీటు వచ్చి కోల్‌కతా చేరే తెలుగువాళ్లు ఇల్లు కుదరగానే వాకబు చేసేది నెట్ కనెక్షన్ గురించే. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ మనకు తెలిసినవే. ఇక్కడ వాటితో పాటు అలయన్స్, విష్‌నెట్, మేఘబేలా వంటి స్థానిక సంస్థలూ గట్టిగా నిలబడి ఉన్నాయి. ఎవరి దగ్గరికి వెళ్లినా మనం అడిగే మొదటి మాట "స్పీడెంత?" అనే. పెద్ద పెద్ద ఫైళ్లు దించుకునేవాళ్లు ముందు అడగాల్సింది అది కాదు. నెలకు ఎంత డేటా ఇస్తారు, అది దాటాక వేగం ఎంతకు పడిపోతుంది? ఈ రెండూ తేలాకే స్పీడు సంగతి.

లెక్క వేసి చూద్దాం. "అన్‌లిమిటెడ్" అని పెద్ద అక్షరాల్లో రాసిన ప్యాకేజీల షరతుల్లో చాలాచోట్ల 3,300 జీబీ అనే అంకె ఉంటుంది. కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి, మన ఫైళ్ల సైజులు బైట్లలో ఉంటాయి. ఎనిమిది బిట్లకు ఒక బైటు కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. ఆ లెక్కన ఆపకుండా దించుకుంటే 3,300 జీబీ 73 గంటల్లో, అంటే మూడు రోజులు దాటీ దాటకముందే అయిపోతుంది. 300 ఎంబీపీఎస్ అయితే ఒక్క రోజు చాలు. 30 ఎంబీపీఎస్ అయితే పది రోజులు పడుతుంది. మూడింటిలోనూ కోటా ఒకటే. ఎక్కువ డబ్బు పోసి కొన్నది తొందర మాత్రమే, పరిమాణం కాదు.

కోటా అయిపోయాక కూడా వేగం 512 కేబీపీఎస్ కంటే తగ్గకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఆదేశించింది. ఆ కనీస వేగంతో 100 జీబీ ఆట ఒకటి దించుకోవాలంటే 18 రోజులు పడుతుంది. కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి ఆటలు ఆ సైజు ఎప్పుడో దాటేశాయి. అదే 4 ఎంబీపీఎస్ ఇచ్చే ప్యాకేజీ అయితే రెండున్నర రోజుల్లోపే పని జరుగుతుంది. ప్రకటనలో ఎవరూ చదవని ఆ చిన్న అంకె భారీ డౌన్‌లోడర్లకు పై అంకె కంటే ముఖ్యం.

సినిమాలు చూడటం వరకే అయితే ఈ బెంగ అక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 4కే వీడియోకు గంటకు 7 జీబీ దాకా అవుతుంది. రోజుకు పదిహేను గంటలు చూస్తే గానీ 3,300 జీబీ ఖర్చు కాదు.

ఇక స్పీడు. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువగా వాడే పద్ధతి జీపాన్. ఎక్స్ఛేంజి నుంచి ఒకే ఫైబర్ పేటదాకా వస్తుంది. అక్కడ కరెంటు అవసరం లేని ఒక చిన్న స్ప్లిట్టర్ దాని వెలుగును 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. ఆ ఫైబర్ మోయగలిగింది మొత్తం 2.488 జీబీపీఎస్. 32 ఇళ్లూ ఒకేసారి నిండుగా వాడితే ఇంటికి వచ్చేది 78 ఎంబీపీఎస్, 64 ఇళ్లయితే 39. అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకం మీదే 300 ఎంబీపీఎస్ అమ్మకం నడుస్తోంది. పగలు ఆ నమ్మకం నిలుస్తుంది. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా చిక్కొస్తుంది. పైగా ఆపరేటరు తన పైసంస్థ దగ్గర కొన్న సామర్థ్యం చాలకపోతే స్ప్లిట్టర్ ఎంత బాగున్నా లాభం లేదు. కాబట్టి కొనేముందు పక్కింటివాళ్ల కనెక్షన్‌ను పరీక్షించాలనుకుంటే రాత్రి పదింటికి పరీక్షించండి. మీ పెద్ద ఫైళ్లను మాత్రం తెల్లవారుజాము రెండింటికి మొదలయ్యేలా టైమర్ పెట్టుకోండి.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే విషయం దూరం. గాజులో వెలుగు సెకనుకు రమారమి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హౌరా నుంచి శ్రీకాకుళం, విశాఖ, రాజమండ్రి, విజయవాడ, నెల్లూరు మీదుగా చెన్నైకి రైలు మార్గం సుమారు 1,660 కిలోమీటర్లు. రైలు పట్టాల వెంబడి రైల్‌టెల్ సంస్థ పరిచిన ఫైబర్‌లో ఆ దారిన పోయి రావడానికి వెలుగుకు 17 మిల్లీసెకన్లు చాలు. విదేశాల సముద్రగర్భ కేబుళ్లు ప్రధానంగా ముంబై, చెన్నైలలో ఒడ్డెక్కుతాయి. అక్కడి నుంచి కాలిఫోర్నియా దాకా వెళ్లి రావడానికి పావు సెకను పడుతుంది.

పావు సెకనుతో ఏం పోతుందనిపించవచ్చు. చాలా పోతుంది. ఫైలు పంపే సర్వరు కొన్ని ప్యాకెట్లు పంపి, అందాయన్న కబురు వచ్చాకే మరికొన్ని పంపుతుంది. దారిలో ఒక ప్యాకెట్ తప్పిపోతే రద్దీ ఉందనుకుని జోరు తగ్గిస్తుంది. నెట్‌వర్కు పరిశోధకుడు మ్యాథిస్, ఆయన సహచరులు 1997లో దీనికి ఒక సూత్రం ఇచ్చారు. రాకపోకల సమయం పెరిగేకొద్దీ వేగం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. పదివేల ప్యాకెట్లలో ఒకటి పోతోందనుకుందాం. 5 మిల్లీసెకన్ల దూరంలో, అంటే కోల్‌కతాలోనే ఉన్న సర్వరు నుంచి 280 ఎంబీపీఎస్ పైగా వస్తుంది. పావు సెకను దూరం నుంచి వచ్చేది 6 ఎంబీపీఎస్ లోపే. మీ ప్యాకేజీ 100 అయినా 300 అయినా అంతే. గూగుల్ 2016లో వెల్లడించిన బీబీఆర్ లాంటి కొత్త పద్ధతులు ఈ నష్టాన్ని చాలావరకు తగ్గించాయి గానీ అన్ని సర్వర్లూ వాటిని వాడవు.

మనవాళ్లకు ఇది అచ్చంగా ఎదురయ్యేది పాత తెలుగు పుస్తకాల దగ్గర. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు గ్రంథాలు వేలల్లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఆ ఆర్కైవ్ ఉండేది కాలిఫోర్నియాలో. ఒక్కో పుస్తకం నత్తనడకన దిగుతుంటే ప్యాకేజీ మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒకేసారి నాలుగైదు ఫైళ్లు దించే డౌన్‌లోడ్ మేనేజరు వాడితే ఒక్కో కనెక్షన్‌కు దాని వాటా దానికి వస్తుంది. లేదా ఆర్కైవ్ తానే ఇచ్చే టొరెంట్ వాడుకోవచ్చు.

ఈ దూరాన్ని తగ్గించడంలో కోల్‌కతా స్థానిక సంస్థలకు మంచి అనుభవం ఉంది. ఇంటర్నెట్ వేగం ఇంత, పీరింగ్ వేగం ఇంత అని రెండు అంకెలు రాసే అలవాటు ఇక్కడ ఉండేది. నగరంలోనే నిల్వ ఉన్న సరుకుకూ, అదే నెట్‌వర్కులోని ఇతరుల నుంచి వచ్చేదానికీ ఆ రెండో అంకె వర్తించేది. 2003లో ఏర్పడిన నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజి ఆఫ్ ఇండియాకు (నిక్సీ) కోల్‌కతాలోనూ ఒక కూడలి ఉంది, దేశంలోని సంస్థలు అక్కడ నేరుగా ట్రాఫిక్ మార్చుకుంటాయి. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ తమ నిల్వ (క్యాష్) సర్వర్లను సేవాసంస్థల దగ్గరే పెట్టిస్తాయి. అందుకే యూట్యూబ్ మెరుపులా నడిచే కనెక్షన్‌లోనే మరో ఫైలు ఈడుస్తుంది. ఆపరేటరును అడగాల్సిన మంచి ప్రశ్న ఇది: మీ క్యాష్ సర్వర్లు కోల్‌కతాలోనే ఉన్నాయా?

టొరెంట్ వాడేవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. బ్రామ్ కోహెన్ 2001లో రూపొందించిన ఈ పద్ధతి ఇచ్చిపుచ్చుకోవడం మీద నడుస్తుంది. అప్‌లోడ్ వేగం తక్కువైతే డౌన్‌లోడూ మందగిస్తుంది. రెండోది చిరునామా. ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతి ఐపీవీ4లో ఉన్నవే సుమారు 430 కోట్ల చిరునామాలు. ఆసియా పసిఫిక్ వాటా 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. దాంతో చాలా సంస్థలు ఒక్క చిరునామా వెనుక ఎన్నో ఇళ్లను ఉంచుతున్నాయి. అలాంటప్పుడు బయటివాళ్లు మీ కంప్యూటరుకు తామై కనెక్ట్ కాలేరు. లినక్స్ పంపిణీలు దించుకుని తిరిగి పంచేవాళ్లు సొంత పబ్లిక్ ఐపీ గానీ కొత్త పద్ధతి ఐపీవీ6 చిరునామా గానీ ఇస్తారా అని అడిగి తీసుకోవాలి.

ఇంట్లోకి వచ్చేది గాజు ఫైబరా, రాగి లాన్ కేబులా అన్నదీ చూడండి. కొందరు ఆపరేటర్లు భవనం దాకా ఫైబర్ తెచ్చి అక్కడి నుంచి రాగి లాగుతారు. ఏప్రిల్, మే నెలల్లో కాలబైశాఖి గాలివాన ఉరుములతో విరుచుకుపడినప్పుడు పిడుగుపాటు విద్యుత్తు రాగి వెంట స్విచ్చిదాకా, రూటరుదాకా పాకుతుంది. గాజుకు ఆ భయం లేదు. చెట్టు కూలితే మాత్రం రెండూ తెగుతాయి. 2020 మే 20న ఆంఫన్ తుఫాను వేల చెట్లను పడగొట్టినప్పుడు స్తంభాల మీది తీగలు తెగి చాలా ఇళ్లు రోజుల తరబడి నెట్ లేకుండా ఉన్నాయి.

నెలకు 3,300 జీబీ దాటే వాడకం నిజంగా ఉంటే నేను 300 ఎంబీపీఎస్ ప్యాకేజీ వైపు వెళ్లమనను. జియో 2020లో ప్రకటించిన ధరలే తీసుకుంటే 100 ఎంబీపీఎస్‌కు 699 రూపాయలు, 300కు 1,499, పైన జీఎస్టీ 18 శాతం. రెండు వేర్వేరు సంస్థల నుంచి 100 ఎంబీపీఎస్ కనెక్షన్లు రెండు పెట్టుకుంటే ఖర్చు దాదాపు అంతే, కోటా రెట్టింపు. ఒకటి పెద్ద సంస్థది, మరొకటి స్థానికులది అయితే ఇంకా మేలు. ఆర్నెల్ల సొమ్ము ముందే కట్టకుండా మొదట నెల ప్యాకేజీతో రెండింటినీ రాత్రివేళ పరీక్షించండి. రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తున్నాయేమో కిటికీలోంచి చూసి, అలా ఉంటే రెండోదాన్ని వెనక వీధి నుంచి లాగమనండి.