లైబ్రరీకి కంప్యూటరొస్తే సరిపోతుందా?

ఇంటి పన్ను కట్టిన రసీదు ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? ఆయన కట్టేసి తెచ్చి బీరువాలో పడేస్తారు. పాలవాడి లెక్క చూసినంత శ్రద్ధగా మనమూ దాన్ని చూడం. ఈసారి చూడండి. ఆ పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు అని ఒకటి కడుతున్నాం, పన్ను రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మునిసిపాలిటీ అయినా, పంచాయతీ అయినా దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. అంటే శ్రీకాకుళంలో గానీ, విజయనగరంలో గానీ, బొబ్బిలిలో గానీ, పలాసలో గానీ ప్రభుత్వ లైబ్రరీకి మన ఇళ్లలోంచీ డబ్బు వెళ్తోందన్నమాట. అలాంటప్పుడు అక్కడ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏం వచ్చో, ఏం రాదో మనం పట్టించుకోవద్దూ?

ఒకప్పుడు లైబ్రరీకి వెళ్లినవాళ్లు నవలో, వారపత్రికో అడిగేవారు. ఇప్పుడలా కాదు. పరీక్ష నోటిఫికేషన్ వచ్చిందా, దరఖాస్తు ఎలా నింపాలి, హాల్ టికెట్ ఎలా తీసుకోవాలి... ఇవీ ప్రశ్నలు. చాలా శాఖా గ్రంథాలయాల్లో తలుపు తీసేదీ, పేపర్లు సర్దేదీ, రిజిస్టరు రాసేదీ ఒక్కరే. ఆ ఒక్కరి బల్ల మీదికి ఒకరోజు కంప్యూటరు వస్తుంది. దుమ్ము పడకుండా దానికో గుడ్డ ముసుగు కూడా వస్తుంది. నేర్పడం మాటేమిటి?

శిక్షణ అనగానే మనకు తెలిసిన పద్ధతి ఒకటుంది. హాలు నిండా జనం, తెర మీద బొమ్మలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్టు. మర్నాడు ఏ మీట నొక్కాలో గుర్తుండదు. పక్కవాళ్లనడిగితే నవ్వుతారేమోనని బెరుకు. ఆ బెరుకు మనకు తెలియనిదా! ఫోన్లో ఏదో తెలీక పిల్లల్ని అడిగితే “ఎన్నిసార్లు చెప్పాలమ్మా” అంటూ చేతిలోంచి లాక్కుని వాళ్లే చేసేస్తారు. పని అయిపోతుంది, మనకు మాత్రం రాదు.

అమెరికాలో షార్లెట్ అనే ఊరుంది. 2006లో అక్కడి పబ్లిక్ లైబ్రరీలో సాంకేతిక విభాగం చూసే హెలెన్ బ్లోవర్స్ అనే ఆవిడ సరిగ్గా ఈ బెరుకుకే మందు వేసింది. క్లాసులు పెట్టలేదు. 23 చిన్న చిన్న పనులు రాసి, తొమ్మిది వారాల్లో ఎవరి వీలును బట్టి వాళ్లు చెయ్యమంది. ఇంటర్నెట్‌లో డైరీ తెరవడం, ఫొటో ఎక్కించడం, వీడియో వెతకడం, అలాంటివి. చేసిందేమిటో, ఎక్కడ చిక్కుపడ్డారో ఆ డైరీలో రాసుకోవాలి. అసలు పేరే పెట్టుకోనక్కర్లేదు, మారుపేరైనా సరే! మొదటి వారంలోనే ‘ఏడున్నర అలవాట్లు’ అని ఒక పాఠం పెట్టింది. ఆ చివరి అర ఏమిటో తెలుసా? ఆడుకోవడం! యంత్రంతో కాసేపు ఆడుకోండి, ఏం కాదు అని చెప్పడమన్నమాట. అన్నీ పూర్తిచేసినవాళ్లకు పాటలు వినే ఎంపీత్రీ ప్లేయరు బహుమతి. (బహుమతి అంటే చేదా ఎవరికైనా!) తరవాత ఆస్ట్రేలియాతో సహా ఎన్నో దేశాల లైబ్రరీలు ఆ జాబితాను తమకు తగ్గట్టు మార్చుకుని వాడుకున్నాయి. ఆ 23 పనుల్లో కొన్ని ఇప్పుడు పాతబడిపోయాయి. పద్ధతి మాత్రం పాతబడలేదు.

ఆలోచిస్తే ఇది మన వంటింటి పద్ధతే. ఆవపెట్టిన పనసపొట్టు కూర ఉపన్యాసం విని ఎవరు నేర్చుకున్నారు? ఒకసారి ఆవ ఎక్కువై ఘాటెక్కుతుంది, ఇంకోసారి చేదెక్కుతుంది, మూడోసారి కుదురుతుంది.

మన దేశంలోనూ 2012లో మొదలైన జాతీయ గ్రంథాలయ మిషన్ సిబ్బందికి నైపుణ్యాలు నేర్పడాన్ని తన పనుల్లో ఒకటిగా పెట్టుకుంది. మంచిదే. కానీ ఏం నేర్పాలన్నది ఢిల్లీలో కూర్చుని తేల్చేది కాదు. అందుకు మన సిక్కోలులోనే మంచి ఉదాహరణ ఉంది.

‘యజ్ఞం’ కథ రాసిన కాళీపట్నం రామారావుగారు, అదే మన కారా మాస్టారు, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. అచ్చంగా తెలుగు కథల కోసమే ఒక లైబ్రరీ! 2021లో మాస్టారు కన్నుమూశారు. పాత పత్రికల్లోంచి ఏరిన కథలు ఇప్పుడు కథానిలయం వెబ్‌సైటులోనూ ఉన్నాయి. రచయిత పేరుతోనో, కథ పేరుతోనో, పత్రిక పేరుతోనో వెతుక్కోవచ్చు. చాలా కథలకు పాత పేజీ ఫొటోయే కనిపిస్తుంది. పెళ్లికి ముందు చదివి, తరవాత మళ్లీ దొరకని కథ ఏదో మీకూ ఒకటి ఉండే ఉంటుంది కదూ!

ఇలాంటి పని చెయ్యాలంటే స్కానరు నడపడం ఒక్కటీ వస్తే చాలదు. ‘చాసో’ అన్నా, చాగంటి సోమయాజులు అన్నా విజయనగరంలో ఉండి కథలు రాసిన ఆ ఒక్కరేనని మనిషికి తెలియాలి. ఎవరూ చెప్పకపోతే యంత్రం ఆ రెంటినీ ఇద్దరి కింద లెక్కేస్తుంది. ఇరవై ముప్ఫై ఏళ్లుగా లైబ్రరీలో పనిచేసినవారికి ఇలాంటివి నోటికి వచ్చు. కంప్యూటరు రాదని వాళ్లను చిన్నచూపు చూసి, పుస్తకం ముఖమెరగని కుర్రాణ్ణి ఆ బల్ల ముందు కూర్చోబెడితే నష్టం మనదే. పాతవారికి యంత్రం నేర్పడం తేలిక. కుర్రాడికి ఆ ముప్ఫై ఏళ్లూ ఎవరు నేర్పుతారు?

అందుకని మన జిల్లాలకు 23 పనులు అక్కర్లేదు, పది చాలంటాను. వారానికి ఒకటి, అదీ డ్యూటీ వేళల్లోనే. ఫోన్లో తెలుగు టైపు చెయ్యడం, దరఖాస్తు నింపడం, పాత పేజీని వంకర లేకుండా ఫొటో తియ్యడం, ఓటీపీ అడిగే మోసగాణ్ణి పసిగట్టడం, ఇవన్నీ అందులో ఉండాలి. పదో పని మాత్రం తాము నేర్చుకున్నది ఒక గృహిణికి నేర్పడం. అక్కడ మన అవసరం పడుతుంది.

మధ్యాహ్నం పని తెమిలాక ఒకసారి మీ ఊరి లైబ్రరీకి వెళ్లి అడగండి. “ఏటమ్మా, ఏం కావాలి?” అంటే కథానిలయం సైటు తెరిపించి, ముందు ‘చాసో’ అని, తరవాత ‘చాగంటి సోమయాజులు’ అని వెతికించండి. అక్కడున్నవారికి అది రాకపోతే విసుక్కోకండి. పక్కన కుర్చీ లాక్కుని కూర్చోండి, ఇద్దరూ కలిసి వెతకొచ్చు.