గ్లీవెక్ పుట్టుపూర్వోత్తరాలు

1979లో కాలిఫోర్నియాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో టోనీ హంటర్ ఓ ప్రయోగం మీద ఉన్నారు. ప్రొటీన్లకు అంటుకున్న ఫాస్ఫేట్లు ఏ అమినో ఆమ్లం మీద ఉన్నాయో విడదీసి చూడాలి. అందుకు వాడే ద్రావణాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా కలుపుకోవాలి. ఆయన బద్ధకించి పాతదే వాడారు. వాడగా వాడగా దాని పీహెచ్ 1.9 నుంచి 1.7కు దిగిపోయింది. ఆ కాస్త తేడాకే, ఒకే మచ్చగా కనిపించాల్సింది రెండుగా విడిపోయింది. ఒకటి తెలిసినదే, థ్రియోనిన్ మీది ఫాస్ఫేట్. రెండోది టైరోసిన్ మీద ఉంది. అలాంటిది ప్రొటీన్లలో ఉంటుందని అప్పటిదాకా ఎవరూ గుర్తించలేదు.

ఇందులో అంత విశేషం ఏముందంటే, పెరగమనీ విభజన చెందమనీ ఆగిపొమ్మనీ బయటినుంచి కణానికి వచ్చే కబుర్లు లోపల చేతులు మారేది చాలావరకు ఈ ఫాస్ఫేట్ల రూపంలోనే. ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్‌ను తీసి మరో ప్రొటీన్‌కు తగిలించే ఎంజైమును కైనేజ్ అంటారు. మనిషి కణాల్లో ఇవి 500 రకాలకు పైనే ఉన్నాయి. టైరోసిన్ మీద పనిచేసేవి 90. కబురు అందాక కైనేజ్ ఊరుకోవాలి. ఊరుకోకపోతే కణం విభజన చెందుతూనే ఉంటుంది.

అలా ఊరుకోని కైనేజ్ ఆచూకీ అంతకు చాలా ముందే వేరే రూపంలో దొరికింది, ఎవరూ పోల్చుకోలేదంతే. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు, క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల తెల్లకణాల్లో అసాధారణంగా పొట్టిగా ఉన్న క్రోమోజోమ్ ఒకటి చూశారు. దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. ఊడిన ముక్క ఏమైందో తేల్చినది షికాగోలోని జానెట్ రౌలీ. క్రోమోజోముల ఫొటోలను కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీద పరుచుకుని పోల్చిచూసేవారు. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఆటపట్టించేవారట. ముక్క ఎక్కడికీ పోలేదు, 22వ క్రోమోజోమ్, 9వ క్రోమోజోమ్ కొసలు మార్చుకున్నాయని 1973లో ఆమె ప్రకటించారు. ఆ అతుకు దగ్గర బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు కలిసిపోయి ఒక సంకర ప్రొటీన్‌ను తయారుచేస్తున్నాయని 1980లలో బయటపడింది. అది టైరోసిన్ కైనేజ్. ఆగడం దానికి తెలియదు. 1990లో జార్జ్ డేలీ, డేవిడ్ బాల్టిమోర్ బృందం ఆ జన్యువును ఎలుకల మజ్జ కణాల్లో ప్రవేశపెడితే వాటికీ అదే జబ్బు వచ్చింది. ముద్దాయి ఎవరో ఇక అనుమానం లేదు.

మరి దాన్ని ఆపడమెలా? స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో సీబా-గైగీ కంపెనీలో అలెక్స్ మాటర్, నిక్ లైడన్ కైనేజ్‌లను ఆపే మందు చేద్దామంటే నవ్వినవాళ్లే ఎక్కువ. అన్ని కైనేజ్‌లకూ ఏటీపీయే ఆధారం, ఏటీపీ కూర్చునే చోటూ అన్నిటిలో ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒకదాన్ని ఆపబోతే అన్నీ ఆగుతాయన్నది ఆక్షేపణ. న్యాయమైనదే.

జవాబు రసాయన శాస్త్రం నుంచి వచ్చింది. జూర్గ్ జిమ్మర్‌మన్ చేతిలో ఉన్న అణువు నిజానికి ప్రొటీన్ కైనేజ్ సి అనే వేరే ఎంజైమును ఆపేది. దానికి బెంజమైడ్ భాగం చేరిస్తే టైరోసిన్ కైనేజ్‌లనూ పట్టుకుంది. ఒకచోట ఒకే ఒక్క మిథైల్ తగిలిస్తే ప్రొటీన్ కైనేజ్ సిని వదిలేసింది. కానీ నీళ్లలో కరగదు. కొసన మిథైల్ పైపెరజీన్ అమర్చాక కరిగింది, మింగితే రక్తంలోకి చేరింది. ఇదే ఇమాటినిబ్, గ్లీవెక్ అసలు పేరు. అది తక్కిన కైనేజ్‌లను ఎందుకు వదిలేస్తుందో మాత్రం 2000లో గానీ స్పష్టం కాలేదు. ఏబీఎల్ పనిచేయకుండా ముడుచుకున్నప్పటి ఆకృతిలోనే ఈ అణువు ఇముడుతుందని జాన్ కురియన్ బృందం స్ఫటిక చిత్రాల్లో చూపింది. పనిలో ఉన్న కైనేజ్‌లన్నీ ఒకేలా ఉన్నా, విశ్రాంతిలో ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. అప్పటికే రోగులు ఆ మందు మింగుతున్నారు.

అంతకుముందు ల్యుకేమియా మందుల దారి వేరు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చిన అమినోప్టెరిన్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసినదే. గొప్ప మందు, కానీ జోరుగా విభజన చెందే మంచి కణాలనూ అది కొట్టేది.

ఇమాటినిబ్‌కు పట్టుబట్టిన డాక్టరు బ్రయన్ డ్రూకర్. 1993లో పోర్ట్‌లాండ్ చేరి, లైడన్ పంపిన అణువులను పరీక్షిస్తే ఒకటి ల్యుకేమియా కణాలను చంపి, మామూలు కణాల జోలికి పోలేదు. ఆ తర్వాత అయిదేళ్లు గడిచాయి. కుక్కల్లో కాలేయం దెబ్బతినడం ఒక కారణం. ఇంత అరుదైన జబ్బుకు మందు చేస్తే గిట్టుబాటేమిటన్న లెక్క ఇంకొకటి, ఇదే అసలు అడ్డని ఈ కథ చదివినవారికి అనిపించక మానదు. చివరికి 1998 జూన్‌లో మొదటి రోగి మందు తీసుకున్నారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలుకొచ్చింది. మందు చాలినంత తయారుకావడం లేదని 3 వేల మందికి పైగా సంతకాలతో కంపెనీకి విన్నపం వెళ్లింది. 2001 మే 10న అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

ఇదే మాత్ర కిట్ అనే మరో కైనేజ్‌నూ ఆపుతుంది. 2000లో హెల్సింకీలో, పొట్టలో పుట్టే జిస్ట్ అనే కణితి ముదిరిన ఒక మహిళకు ఇస్తే కణితి కుంచించుకుపోయింది. చిరకాలం కీమోథెరపీకి లొంగని జబ్బది.

అయితే క్యాన్సర్ ఊరుకునేది కాదు. ఏబీఎల్‌లో 315వ స్థానంలోని థ్రియోనిన్ ఐసోల్యూసిన్‌గా మారితే మందు అక్కడ ఇమడదని 2001లో చార్లెస్ సాయర్స్ బృందం కనిపెట్టింది. దాంతో దసాటినిబ్, నిలోటినిబ్ వచ్చాయి. 315 మార్పు వాటికీ లొంగలేదు. దాన్ని లొంగదీసిన పొనాటినిబ్ 2012లో అందింది.

మన దేశంలో ఈ మాత్ర కథ కోర్టుకెక్కింది. సీబా-గైగీ విలీనంతో ఏర్పడిన నోవార్టిస్ నెలకు లక్ష రూపాయలు దాటే ధర పెట్టింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో వంటి సంస్థలు దాదాపు పదోవంతుకే అమ్మాయి. తమ దగ్గర ఉచితంగా పొందుతున్న రోగులు వేలల్లో ఉన్నారని నోవార్టిస్ వాదించింది. పేటెంటు కోరింది ఆ మందు బీటా స్ఫటిక రూపానికి. తెలిసిన పదార్థానికి కొత్త రూపమిచ్చినంత మాత్రాన సరిపోదు, చికిత్సలో గుణం పెరగాలన్నది పేటెంటు చట్టం 3(డి). 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కంపెనీ వాదన తోసిపుచ్చింది.

ఒకప్పుడు నాలుగైదేళ్లలో ముంచుకొచ్చే ఈ జబ్బులో, ఇమాటినిబ్‌తో చికిత్స మొదలుపెట్టినవారిలో పదేళ్ల తర్వాత 83 శాతం మంది బతికి ఉన్నారని 2017లో తేలింది. ఇప్పటి ప్రశ్న వేరు: జీవితాంతం మింగాలా? ఫ్రాన్స్‌లో రెండేళ్లకు పైగా జబ్బు జాడలేని 100 మందికి మందు ఆపి చూస్తే, ఏడాది తర్వాత సుమారు 40 శాతం మందిలో జబ్బు తిరిగి రాలేదు. వచ్చినవారికి మళ్లీ మాత్ర ఇస్తే దాదాపు అందరిలోనూ పనిచేసింది. ఆ 40 శాతం మందిలో రోగ మూలకణాలు చచ్చిపోయాయా, లేక మజ్జలో ఎక్కడో నిద్రపోతున్నాయా అన్నదే ఇప్పుడు నడుస్తున్న పరిశోధన.