ఆరోగ్య బీమా – నిరాకరణపు ఉత్తరము

ఏటేట రుసుము చెల్లించిన గృహస్థునకు, చికిత్స ముగిసిన పిమ్మట, ‘మధుమేహము మీకు పూర్వమే కలదు, దాచితిరి’ అని బీమా కంపెనీవారు ఉత్తరము వ్రాయుదురు. అతడు దాచినదేమియు నుండదు. దరఖాస్తును ఏజెంటు పూరింపగా చదువక సంతకము చేసియుండును. ఇక పొలము తాకట్టు పెట్టి ఆసుపత్రి ఋణము తీర్చుటయే గతి యని తలంచును.

అట్లు తలంపనక్కఱలేదు. పత్రము ఎడతెగక 60 మాసములు సాగినచో, మోసము ఋజువైనగాని, ఈ నెపమున సొమ్ము నిరాకరింపరాదని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిర్ణయించినది. అంతకు ముందు ఆ గడువు 8 సంవత్సరములు.

గడువు నిండకున్నను విన్నపమునకు దారి కలదు. ఏ షరతుచే నిరాకరించిరో వ్రాతమూలకముగా నడిగి పుచ్చుకొనవలయును. టెలిఫోనులో చెప్పిన మాట పనికిరాదు. మొదట కంపెనీకే ఫిర్యాదు వ్రాయవలెను. నెలలోపల తగిన జవాబు రానిచో, ఆ పిమ్మట సంవత్సరములోపల బీమా అంబుడ్స్‌మన్‌కు విన్నవింపవచ్చును. తెలుగు రాష్ట్రములు రెంటికిని ఆ కార్యాలయము హైదరాబాదున గలదు. రుసుము లేదు, వకీలక్కఱలేదు. ఆయన తీర్పునకు కంపెనీ కట్టుబడవలసినదే. మనకు సమ్మతము కానిచో కోర్టుకు పోవచ్చును. వ్రాయనేరని యింటివారికి ఆ విన్నపము మీరు వ్రాసి, వారిచే సంతకము చేయింపవచ్చును.