రక్తం తాగిన జలగకు జబ్బు చేస్తే



కాలి పుండ్లకు, వాపులకు జలగలు పట్టించుకొని మన ఓపీకి వచ్చేవారిని అప్పుడప్పుడు చూస్తుంటాము. "ఆ జలగను సీసాలో దాచాము, మళ్లీ పనికొస్తుంది కదా?" అని కొందరు అడుగుతారు. పనికిరాదండీ.

సామెతల గ్రంథము 30వ అధ్యాయములో జలగ తృప్తిలేనితనానికి గుర్తుగా కనబడుతుంది. అయితే ఒంటికి పట్టిన జలగ కడుపు నిండగానే తానే ఊడి పడుతుంది. సుమారు అరగంటలో తన బరువుకు కొన్ని రెట్లు రక్తం తాగేస్తుంది. అది పూర్తిగా అరగడానికి నెలలు పడుతుంది. మొదటి కొన్ని రోజులు రక్తంలోని నీటిని, మలినాలను సీసాలోకి వదులుతూ ఉంటుంది. ఆ నీరు మార్చకపోతే దానికే విషమవుతుంది. క్లోరిన్ కలిపిన కుళాయి నీరు, వేసవి వేడి కూడా దానికి పడవు. అలాంటప్పుడు తాగినది కక్కుకుంటుంది, ఒంట్లో ముడులు కడతాయి, వడలిపోయి చనిపోతుంది.

ఈ సంగతి మన పూర్వులకూ తెలుసు. తాగిన జలగ చేత రక్తం కక్కించాలని, సరిగా కక్కకపోతే 'ఇంద్రమదము' అనే కుదరని జబ్బు చేస్తుందని సుశ్రుత సంహిత చెబుతుంది. నీళ్లలో వేస్తే చురుకుగా తిరిగేది బాగా కక్కినట్టు, కదలకుండా పడి ఉండేది కక్కనట్టు అట! ఎంత నిశితంగా గమనించారో చూడండి.

కాని కక్కించినంత మాత్రాన జలగ శుభ్రపడదు. దాని పేగుల్లో ఏరోమోనాస్ అనే సూక్ష్మజీవులు ఉంటాయి. అవి దానికి మేలే చేస్తాయి, మన పుండులోకి వస్తే మాత్రం చీము పట్టిస్తాయి. పైగా ఒకరి రక్తం తాగిన జలగను మరొకరికి పట్టిస్తే హెపటైటిస్-బి వంటివి సోకే ప్రమాదం ఉంది. 2004లో అమెరికా ఎఫ్.డి.ఎ. జలగలను వైద్య పరికరంగా అనుమతించింది. తెగిన వేళ్లను తిరిగి కుట్టినప్పుడు అక్కడ నిలిచిపోయే రక్తాన్ని తీయడానికి వాడతారు. ఒకసారి వాడిన జలగను స్పిరిట్‌లో వేసి చంపేస్తారు.

నాట్లలో జలగ పడితే ఉప్పు చల్లకండి, నిప్పు పెట్టకండి. అది గాయంలోనే కక్కుతుంది. గోటితో మెల్లగా రెండు కొసలూ విడదీసి, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. రక్తం కొన్ని గంటలు కారవచ్చు. ఆగకపోయినా, ఎర్రగా వాచినా, జ్వరం వచ్చినా ఆస్పత్రికి రండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా తెండి.