సైకిలు మీద గ్రంథాలయానికి



మావారికి షుగరు ఉన్నదని తేలగానే డాక్టరుగారు రోజూ అరగంట వ్యాయామం చేయమన్నారు. ఊరకే నడవడం విసుగై నాలుగు రోజులకే మానేశాము. తరువాత పాత సైకిళ్లు బాగుచేయించి, కాలువ గట్టు వెంట మెల్లగా ఠాగూర్ గ్రంథాలయానికి బయలుదేరాము.

మొదటి రోజు మాత్ర వేసుకొని, టిఫిను తినకుండా వెళ్లడం మా పొరపాటు. దారిలో ఆయనకు చెమటలు పట్టి, చేతులు వణికాయి. టీకొట్టులో మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగిస్తే తేరుకున్నారు. ఇప్పుడు టిఫిను చేశాకే బయలుదేరుతాము. జేబులో గ్లూకోజు ఉంటుంది. షుగరు మాత్రలు, ఇన్సులిను వాడేవారు ముందుగా డాక్టరును అడగండి.

పోను పదిహేను నిమిషాలు, రాను పదిహేను. వారానికి ఐదు రోజులైతే 150 నిమిషాలు. పెద్దలకు కనీసం అంత అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది మన బెజవాడలోనే. 1935లో పాటూరి నాగభూషణంగారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయం నడిపించారు. ఆనాడు పుస్తకమే మన వద్దకు వచ్చింది. ఈనాడు మనమే దాని వద్దకు వెళదాము. చదువూ దక్కుతుంది, ఆరోగ్యమూ దక్కుతుంది.